ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్

ఇగ్నాజ్ ఫిలిప్ సెమ్మెల్‌వైస్ (జూలై 1, 1818 - ఆగష్టు 13, 1865) హంగేరీ దేశానికి చెందిన ప్రసూతి వైద్యుడు. బాలింత జ్వరానికి వైద్యుల, వైద్య విద్యార్థుల అపరిశుభ్రమైన చేతులే కారణమని గుర్తించి, చేతులు కడుగుకొనే నియమాన్ని ప్రవేశపెట్టాడు.

జననం, విద్య

సెమ్మెల్‌వైస్ బుడా నగరంలో ఒక వర్తకుని ఇంట జన్మించాడు. 1837లో న్యాయశాస్త్రం చదవడానికి వియన్నా వెళ్ళి, వైద్యవిద్యకు మారాడు. 1844లో పట్టా పొందాడు. 1846లో వియన్నా జనరల్ ఆసుపత్రి ప్రసూతి విభాగంలో ప్రొఫెసర్ క్లైన్‌కు సహాయకునిగా చేరాడు.

రెండు విభాగాలు

ఆ ఆసుపత్రిలో మొదటి ప్రసూతి విభాగంలో వైద్య విద్యార్థులు, రెండవ దానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. 1846లో మొదటి విభాగంలో బాలింతల మరణాలు సుమారు 11 శాతం కాగా, రెండవ దానిలో 3 శాతం కంటే తక్కువ. 1847 మార్చిలో మిత్రుడు కొలెచ్కా శవపరీక్ష సమయంలో ఒక విద్యార్థి కత్తి గుచ్చుకొని మరణించాడు. అతనిలో కనిపించిన వ్యాధి లక్షణాలు బాలింత జ్వరాన్ని పోలి ఉన్నాయి. శవాలను కోసిన చేతులతోనే విద్యార్థులు గర్భిణులను పరీక్షించడం ఈ మరణాలకు మూలమని సెమ్మెల్‌వైస్ నిర్ధారించాడు. శవపరీక్షలు చేసిన తాను కూడా అందుకు బాధ్యుడనేనని అంగీకరించాడు.

క్రమశిక్షణ

1847 మే నెలలో బ్లీచింగ్ పౌడరు ద్రావణంతో చేతులు కడుగుకొనడం తప్పనిసరి చేశాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు జూన్‌లో సుమారు 2 శాతానికి తగ్గాయి. ఆ సంవత్సరాంతంలో మరణాలు తిరిగి పెరుగగా, కొందరు విద్యార్థుల అలక్ష్యమే కారణమని భావించి వారిపై పర్యవేక్షణను కట్టుదిట్టం చేశాడు. 1848 మార్చి, ఆగష్టు నెలలలో ఒక్క బాలింత కూడా ఈ జ్వరంతో మరణించలేదు.

వ్యతిరేకత, మరణం

సూక్ష్మజీవి సిద్ధాంతం ఇంకా స్థిరపడని ఆ కాలంలో, తమ చేతులే ప్రాణం తీస్తున్నాయన్న మాటను పెద్ద వైద్యులనేకులు అంగీకరించలేదు. 1849లో అతని పదవీకాలాన్ని పొడిగించలేదు. 1850లో పెస్ట్ నగరానికి వెళ్ళి, అక్కడి సెయింట్ రోకస్ ఆసుపత్రిలోను మరణాలను తగ్గించాడు. 1861లో తన పరిశోధనను గ్రంథంగా ప్రచురించాడు. విమర్శించిన ఆచార్యులను హంతకులని నిందిస్తూ బహిరంగ లేఖలు వ్రాయడంతో విరోధం మరింత పెరిగింది. 1865లో వియన్నాలోని మానసిక చికిత్సాలయంలో చేర్చబడి, రెండు వారాలకు రక్తం విషపూరితమై మరణించాడు.

గుర్తింపు

పాశ్చర్, లిస్టర్‌ల కృషి తరువాత అతని వాదం నిజమని వైద్యలోకం గ్రహించింది. 1969లో బుడాపెస్ట్‌లోని వైద్య విశ్వవిద్యాలయానికి అతని పేరు పెట్టారు.