పేటెంట్ వద్దన్న ఎక్స్‌రే సృష్టికర్త

పిల్లాడు ఆడుతూ పడి చెయ్యి వాచిందంటే, అమెరికాలోనైనా అనకాపల్లిలోనైనా డాక్టరు ముందు తీయించమనేది ఎక్స్‌రే. దాన్ని కనిపెట్టిన విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్ కూడా మన పిల్లల్లాగే పరాయి దేశంలో పెరిగినవారే.

1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్‌లో బట్టల వ్యాపారి ఇంట పుట్టారు. మూడేళ్ల వయసులో కుటుంబం నెదర్లాండ్స్‌కు తరలిపోయింది. యూట్రెక్ట్‌లో చదివేటప్పుడు ఉపాధ్యాయుడిని వెక్కిరిస్తూ బొమ్మ గీశాడన్న నింద పడింది. గీసింది వేరొకరైనా బడి నుంచి పంపేసింది ఈయన్నే. స్కూలు సర్టిఫికెట్ లేకుండా పోయింది. ప్రవేశ పరీక్షతోనే సీటిచ్చే జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో 1865లో చేరి, 1869లో డాక్టరేట్ సాధించారు. అయినా ఆ సర్టిఫికెట్ లోటు వెంటాడింది. అది లేదనే జర్మనీలోని వూర్జ్‌బర్గ్ యూనివర్సిటీ ఆయనకు అధ్యాపక అర్హత ఇవ్వలేదు. 1888లో అదే యూనివర్సిటీకి ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా వచ్చారు. 1894లో రెక్టర్ అయ్యారు.

1895 నవంబర్ 8న ల్యాబ్‌లో గాజు గొట్టంలోకి కరెంటు పంపి పరిశీలిస్తున్నారు. గొట్టానికి నల్ల అట్ట చుట్టి ఉంది. వెలుతురు బయటికి రాకూడదు. కానీ కాస్త దూరంలో రసాయనం పూసిన తెర మెరిసింది. కంటికి కనిపించని కిరణాలేవో అట్టను దాటి వస్తున్నాయని గ్రహించారు. కొన్ని వారాలు ల్యాబే ఇల్లయింది. అవి కాగితాన్ని, చెక్కను, కండను దాటుతున్నాయి. ఎముక, లోహం దగ్గర మాత్రం చాలావరకు ఆగిపోతున్నాయి. అవేమిటో తెలియక ఎక్స్ అని పేరు పెట్టారు.

డిసెంబర్ 22న భార్య బెర్తా చేతిని ఫొటో ప్లేటు మీద పెట్టించారు. ఎముకలు, వేలి ఉంగరం స్పష్టంగా పడ్డాయి. అంతవరకు కోయకుండా శరీరం లోపలి ఎముకలను చూసే వీలు డాక్టర్లకు ఉండేది కాదు. 1896 మొదట్లోనే విరిగిన ఎముకలు, లోపల దిగబడిన తూటాలు ఎక్కడున్నాయో ఎక్స్‌రేతో చూడడం మొదలుపెట్టారు.

ఇంత త్వరగా వ్యాపించడానికి ఒక కారణం, రాంట్‌జెన్ పేటెంట్ తీసుకోకపోవడం. అది అందరికీ అందాలన్నది ఆయన కోరిక. 1901లో ఫిజిక్స్‌లో తొలి నోబెల్ ఆయనకే దక్కింది. ఆ డబ్బునూ యూనివర్సిటీకి ఇచ్చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో ధరలు మండిపోయి ఆయన దాచుకున్నది కరిగిపోయింది. 1919లో బెర్తా కన్నుమూశారు. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో పేగు క్యాన్సర్‌తో రాంట్‌జెన్ తుదిశ్వాస విడిచారు.

1971లో లండన్‌లో తొలిసారి ఒక రోగి మెదడుకు సీటీ స్కాన్ తీశారు. అందులోనూ వాడింది ఆయన కిరణాలనే. చుట్టూ అనేక కోణాల నుంచి వాటిని పంపి, వచ్చిన వివరాలను కంప్యూటర్‌తో బొమ్మగా కూర్చారు.