నౌకాదళాధిపతి కటారి

పలాస దాటి ఉత్తరముగా పోవు రైలు సుమ్మాదేవి చేరునప్పటికి పడమట కొండల వరుసయు, తూర్పున తోటలును కానవచ్చును. ఆ తూర్పు తోటలే ఉద్దానము. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్ల నీడలో నడిచి పోయినచో తోటల చివర ఇసుక, ఇసుక చివర బంగాళాఖాతము. ఈ తీరమున బారువయు, దక్షిణమున కళింగపట్నమును ఒకప్పుడు స్టీమరులు ఆగు రేవులు. కరవు వచ్చినను, అప్పు పెరిగినను ఈ ప్రాంతపు కూలీలు, రైతుబిడ్డలు మూట కట్టుకొని ఓడ ఎక్కి రంగూనునకు పోవుచుండిరి. అచ్చట వారిని కోరంగీలనుచుండిరి. కోరంగి గోదావరి ముఖమున నున్న రేవు. ఏ రేవున ఓడ ఎక్కినవాడైనను తెలుగువాడైనచో వానికి అదే పేరు తగిలించిరి.

తెప్ప నడుపుటలో, అలను కనిపెట్టుటలో ఈ తీరపు తండేలునకు ఒకరు నేర్పవలసినది లేదు. ఐనను స్టీమరు పైఅంతస్తున నిలిచి, దిక్సూచి చూచి, దారి నిర్ణయించు అధికారి మాత్రము ఇంగ్లీషువాడు. మనవాడు ఆ ఓడలో బొగ్గు వేయు కలాసి. మహా అయినచో కలాసీల పెద్దయగు సరంగు. సముద్రము మన వాకిటనే యున్నను దానిపై ఆజ్ఞ మనది కాకుండెను. ఈ స్థితి ఒక్క మనుష్యుని జీవితకాలములో మారినది. ఆ మార్పునకు మొదటినుండి చివరివరకు ప్రత్యక్షముగా నిలిచినవాడు రామదాస్ కటారి.

ఆయన 1911వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన చెంగల్పట్టున జన్మించెను. చెంగల్పట్టు మద్రాసునకు దక్షిణమున నున్న పట్టణము. ఆనాడు అదియు, గంజాము జిల్లాలోని మన ఉద్దానమును ఒక్క మద్రాసు రాజధానిలోనివే.

ఆయనకు మూడేండ్లు నిండకమునుపే మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. 1914 సెప్టెంబరు మాసమున ఎండెన్ అను జర్మను యుద్ధనౌక ఒంటరిగా బంగాళాఖాతమున ప్రవేశించి, కలకత్తా దారిని పోవు వర్తక నౌకలను ఒకదాని వెంట నొకటి పట్టి ముంచెను. 22వ తేదీ రాత్రి అది మద్రాసు ఎదుటికి వచ్చి, రేవునందలి చమురు పీపాలపై గుండ్లు కురిపించెను. అరగంటలో పని ముగించుకొని చీకటిలో కలిసిపోయెను. చమురు మండి ఆకాశము ఎఱ్ఱబారెను. భయపడిన జనులు మూటాముల్లెలతో లోపలి ఊళ్ళకు పరువులెత్తిరి. ఎండెన్ చేసిన నష్టము యుద్ధపు లెక్కలో స్వల్పమే. ఐనను ఇంత పొడవు తీరమును కాపాడుటకు ఈ దేశమునకు తనదని చెప్పుకొనదగిన నౌక ఒక్కటియు లేదన్న సంగతి ఆ రాత్రి అందరికి తెలిసిపోయెను. ఆ రోజులలో పుట్టిన పిల్లలు ఎండెన్ కథ వినుచునే పెరిగిరి.

యుద్ధము ముగిసిన పిదప భారతీయులను ఓడలకు అధికారులుగా తయారు చేయవలెనని మన నాయకులు శాసనసభలో పట్టుపట్టిరి. చాల కాలము వాదోపవాదములు జరిగెను. తుదకు 1927లో బొంబాయి రేవున డఫరిన్ అను పాత సైనిక రవాణా నౌకను లంగరు వేసి నిలిపి, దానిని శిక్షణశాలగా మార్చిరి. మొదటి జట్టులో చేరిన బాలురలో కటారి యొకడు. అప్పుడాయనకు పదునారేండ్లు. ఇచ్చట ఒక విషయమును గమనింపవలెను. డఫరిన్ యుద్ధనౌకల అధికారులను తయారు చేయుటకు ఏర్పడినది కాదు; వర్తక నౌకలకు మాత్రమే. భారతీయుడు యుద్ధనౌకపై అధికారిగా నిలుచుట యనునది అప్పటికి ఇంచుమించు ఊహకందని మాట. 1928లో ఒక్క ఇంజనీరునకు మాత్రము ఆ భాగ్యము కలిగెను. అనగా కటారి సింహద్వారము మూసియున్న యింటిలో ప్రక్కవాకిలిగుండ ప్రవేశించిన వాడు.

శిక్షణ ముగిసినను ఆ పిల్లల కష్టములు ముగియలేదు. తెల్లవారి ఓడల కంపెనీలు వారిని అధికారులుగా చేర్చుకొనుటకు వెనుకాడెను. కటారి కలకత్తా చేరి హుగ్లీ నదిపై ఉద్యోగమున కుదిరెను. హుగ్లీని చూడనివారికి ఇది సామాన్యపు కొలువుగా తోచవచ్చును. కాని ప్రపంచములోని కఠినమైన ఓడదారులలో అది యొకటి. సముద్రమునుండి కలకత్తా రేవునకు రెండువందల కిలోమీటర్లకు పైగా నదిలో ఎదురెక్కవలెను. అడుగున నున్న ఇసుకతిప్పలు ఒకచోట నిలువవు. నిన్న లోతుగా నున్న తావు నేడు మెరక కావచ్చును. జేమ్స్ అండ్ మేరీ అను ఇసుకతిప్ప ఎన్ని ఓడలను మ్రింగినదో! ఇసుకకు తగులుకొన్న ఓడను నీటి వడి అడ్డముగా త్రిప్పి బోరగిలద్రోయును; పిదప కొన్ని నిమిషములలోనే అది కనబడకుండ పోవును. కావున సీసపు గుండు కట్టిన త్రాడును నీటిలో వదలి లోతు కొలుచుచు, ఆ కొలతలను పటముపై గుర్తించుచు, నదిని ప్రతిదినము క్రొత్తగా చదువవలసియుండెను. ఇందులో గర్వమునకు తావు లేదు. నిన్న నాకు తెలిసినది నేడు చెల్లకపోవచ్చునని నది దినదినము చెప్పుచుండును. కటారి యౌవనము ఆ బురదనీటిపై గడిచెను. యుద్ధనౌకలను నడుపు విద్యకు ఇంతకంటె మంచి పునాది బడిలో దొరకునా యని నా సందేహము.

1939లో రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను. అప్పటి భారత నౌకాదళములో మొత్తము సిబ్బంది రెండువేలకు లోపు. నౌకలు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. ఆరేండ్లలో ఆ దళము ముప్పదివేలకు దగ్గరగా పెరిగెను. అంతమంది అధికారులను అప్పటికప్పుడు పుట్టించుట సాధ్యము కాదు గనుక, సముద్రపుపని తెలిసిన వర్తకనౌకల వారిని, రేవుల వారిని స్వచ్ఛంద విభాగమున చేర్చుకొనిరి. మూసిన సింహద్వారము అవసరము వచ్చినప్పుడు ఇట్లు తెరచుకొన్నది. కటారి ఆ విభాగమున అధికారిగా చేరి యుద్ధకాలమంతయు సేవ చేసెను.

యుద్ధము మన తీరమునకును వచ్చెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్నముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. అదే దినమున జపాను యుద్ధనౌకలు మన కోస్తాకు, ఒరిస్సా తీరమునకు ఎదుట బారులు తీరి తిరుగుచు, ఒక్క పూటలో ఇరవైకి దగ్గరగా వర్తక నౌకలను ముంచెను. ఉద్దానపు సముద్రము ఈ రెండు తీరములకు నడుమనున్నది. రంగూను అప్పటికే జపానువారి వశమై, అచ్చటి తెలుగువారు అడవుల వెంట కాలినడకన మరలివచ్చుచుండిరి. పసితనమున ఎండెన్ గుండ్లు, నడివయసునకు ముందే ఈ బాంబులు! ఇరువదియెనిమిదేండ్లు గడచినను తీరము కాపు లేకయే యుండెను.

ఐనను నావికులు ఊరకుండలేదు. అదే సంవత్సరము నవంబరు 11వ తేదీన బెంగాల్ అను చిన్న భారతనౌక తనకంటె ఎన్నో రెట్లు పెద్దవియైన రెండు జపాను నౌకలనెదుర్కొని, ఒకదానిని నీటిపాలు చేసెను. గోదావరి, కృష్ణ, కావేరి అను నదుల పేర్లు గల నౌకలు వర్తక నౌకలకు తోడుపోయెను.

యుద్ధము ముగియగానే మరియొక తుపాను లేచెను. 1946 ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలో తల్వార్ అను శిక్షణ కేంద్రమునందలి నావికులు తిండి బాగులేదని, తెల్ల అధికారులు తమను నీచముగా తిట్టుచున్నారని సమ్మె కట్టిరి. రెండు మూడు దినములలో అది అనేక నౌకలకు, రేవులకు ప్రాకెను. బ్రిటిషు ప్రభుత్వపు పునాదులు కదిలెను. నావికులకు దేశము తమదని తెలిసినది. నౌక మాత్రము ఇంకను తమది కాకుండెను.

1947లో స్వాతంత్ర్యము వచ్చెను; దానితోపాటు పంపకమును వచ్చెను. పెద్ద నౌకలలో కృష్ణ, కావేరి, యమున, సట్లెజ్ మనకు దక్కెను. నర్మద, గోదావరి పాకిస్తాను పాలైనవి. తెలుగునాటి గోదావరి పేరు గల నౌక ఆ ఒడ్డునకు, పంజాబునుండి పాకిస్తానునకు ప్రవహించు సట్లెజ్ పేరు గల నౌక ఈ ఒడ్డునకు చేరుట విధి విలాసము కాక మరేమి? కటారి అప్పటికి స్వచ్ఛంద విభాగమునుండి నౌకాదళపు స్థిరోద్యోగమునకు మారియుండెను.

స్వతంత్ర భారతపు పదాతిదళమునకు 1949 జనవరిలోనే భారతీయుడు అధిపతి యయ్యెను. వైమానికదళమునకు 1954లో అయ్యెను. నౌకాదళమునకు మాత్రము స్వాతంత్ర్యానంతరము పదేండ్లకు పైగా బ్రిటిషు అడ్మిరలులే, ఒకరి వెంట నొకరుగా నలుగురు, అధిపతులుగా నుండిరి. ఇది చూచి పలువురు నొచ్చుకొనిరి. ఆ నొప్పి న్యాయమైనదే. కాని కారణమును తెలిసికొనవలెను. ఒక నౌకను నడుపగల అధికారి పదేండ్లకు తయారగును. పలు నౌకల గుంపును నడుపగలవాడు ఇరువదేండ్లకు గాని కాడు. మనవారిని తొలుత చేరనీయకపోవుటవలననే పెద్ద అనుభవము గలవారు 1947లో లేకపోయిరి. తలుపు మూసినవారే తరువాత లోపల ఎవరును లేరని చూపించిరి. ఆ లోటును వాదముతో పూడ్చలేము. సముద్రముపై గడపిన దినములతోనే పూడ్చవలెను.

కటారి ఆ దినములను గడపెను. 1949లో ఇంగ్లండునుండి కొన్న విధ్వంసక నౌకలలో రాజ్‌పుత్ యొకటి. దానికి నాయకుడై, ఆ తరగతి నౌకల గుంపునంతటిని నడిపెను. 1956లో భారత నౌకాసమూహమునకు ఆధిపత్యము వహించెను. భారతీయుడొకడు సముద్రముపై మన నౌకాసమూహమునకు నాయకుడగుట అదియే మొదలు. రెండేండ్లు తిరుగకమునుపే, 1958 ఏప్రిల్ 22వ తేదీన, వైస్ అడ్మిరల్ స్టీఫెన్ కార్లిల్ పదవి విడువగా, కటారి భారత నౌకాదళాధిపతి యయ్యెను. అప్పుడాయనకు నలువదియారేండ్లు. హుగ్లీలో సీసపు గుండు వదలి లోతు చూచినవాడు దేశపు సముద్రమంతటికి బాధ్యుడయ్యెను.

ఆయన కాలముననే విక్రాంత్ మనకు వచ్చెను. అది విమానములు ఎగిరి దిగుటకు వీలుగా నిర్మించిన నౌక. 1943లో బ్రిటనున మొదలుపెట్టి, యుద్ధము ముగియగా సగములో వదలివేసిన దానిని 1957లో మన ప్రభుత్వము కొని పూర్తి చేయించెను. తిండిగింజలకే విదేశముల వంక చూచు దేశమునకు ఇంత ఖరీదైన నౌక ఎందులకని అడిగినవారు లేకపోలేదు. ఆ ప్రశ్నను త్రోసివేయరాదు. కాని ఎండెన్ వచ్చినప్పుడును, జపాను వచ్చినప్పుడును తీరమున నిలిచి చూచినవారికి సమాధానము వేరుగా తోచియుండును. 1961 మార్చి 4వ తేదీన బెల్‌ఫాస్టులో విక్రాంత్ నౌకాదళమున చేరెను; నవంబరులో బొంబాయి చేరెను.

తరువాతి మాసముననే గోవా సమస్య పరిష్కారమునకు వచ్చెను. డిసెంబరు 18వ తేదీన మూడు దళములు కలిసి కదలినవి. గోవా రేవునందు పోర్చుగీసు యుద్ధనౌక యొకటి నిలిచి పోరాడెను. బేత్వా, బియాస్ అను మన నౌకలు దానిని ఓడించి ఒడ్డునకు తగులుకొనునట్లు చేసెను. కాని అంజదీవి అను చిన్న దీవిపై దిగిన నావికులలో ఏడుగురు ప్రాణములు కోల్పోయిరి. తెల్లజెండా చూచి ముందునకు నడచిన వారిపై తుపాకులు ప్రేలినవి. మరునాటికి గోవా స్వతంత్రమయ్యెను. స్వతంత్ర భారత నౌకాదళమునకు సముద్రముపై అది మొదటి పోరు. దళాధిపతికి విజయవార్తయు, ఆ ఏడుగురి వార్తయు ఒక్కసారి చేరియుండును.

1962 జూన్ 4వ తేదీన కటారి పదవీవిరమణ చేసెను. పిమ్మట ఆంధ్రప్రదేశ్ రోడ్డురవాణా సంస్థకు అధ్యక్షుడయ్యెను. ఓడల నాయకుడు బస్సుల నాయకుడగుట కొందరికి వింతగా నుండవచ్చును. వేళకు బయలుదేరి వేళకు చేర్చుట రెంటికిని ఒక్కటే పని గదా!

1964లో ప్రభుత్వము ఆయనను బర్మాకు రాయబారిగా పంపెను. ఆ సంవత్సరము మంచిది కాదు. బర్మా సైనిక ప్రభుత్వము మార్చిలో అంగళ్ళన్నింటిని జాతీయము చేసెను. మే మాసమున పెద్దనోట్లను రద్దు చేసెను. మూడుతరములుగా అచ్చట చెమటోడ్చిన భారతీయులు ఒక్క వేసవిలో బికారులైరి. వేలకొలది జనులు రంగూను రేవున ఓడలకై కాచుకొనియుండిరి. కూడబెట్టిన సొమ్ము, నగలు అచ్చటనే వదలి రావలసివచ్చెను. ఓడలు మద్రాసునకు, విశాఖపట్నమునకు వచ్చెను. మన శ్రీకాకుళము, విశాఖపట్నము జిల్లాలకు అనేక కుటుంబములు ఇట్లు మరలివచ్చినవి. తాత ఓడ ఎక్కిన తీరమునకు మనుమడు తిరిగివచ్చెను. కాని ఊరు వానిని ఎరుగదు, భూమి లేదు. ఆ ప్రజలు దేశము విడుచుచున్న కాలమున భారతదేశమునకు ప్రతినిధిగా రంగూనున నున్నవాడు ఒక నావికుడు. 1969 వరకు కటారి ఆ పదవిలో నుండెను.

తరువాత ఆయన తన అనుభవములను గ్రంథముగా వ్రాసెను. అది 1982లో వెలువడెను. 1983 జనవరి 21వ తేదీన, డెబ్బదియొకటవ యేట, రామదాస్ కటారి మరణించెను. ఆనాటికి విక్రాంత్ ఇంకను సముద్రముపైననే యుండెను.