దత్తమండలాల నుంచి స్పీకర్ పీఠం దాకా – మాడభూషి అనంతశయనం అయ్యంగారు

జీకే పుస్తకంలో లోక్‌సభ మొదటి స్పీకర్ ఎవరంటే మావలంకర్ అని, రెండో స్పీకర్ ఎవరంటే అనంతశయనం అయ్యంగార్ అని మనమంతా బట్టీ పట్టినవాళ్లమే. ఆ రెండో పేరుకు మన హొళగుందతో సంబంధం ఉందన్న సంగతి మాత్రం ఏ గైడులోనూ రాయలేదు. అందుకే ఈ వ్యాసం.

మన ఆదోని, ఆలూరు ప్రాంతాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో లేవు. మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లాలో ఉండేవి. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు అప్పగించిన సీమ కాబట్టి బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు జిల్లాలను కలిపి దత్తమండలాలు అనేవారు. 1928లో నంద్యాల సభ తర్వాతే రాయలసీమ అన్న పేరు వాడుకలోకి వచ్చింది. ఆ రోజుల్లో ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు ఈ దత్తమండలాలన్నిటికీ, వాటికి తోడు చిత్తూరు జిల్లాకూ కలిపి గ్రామీణ ముస్లిమేతర నియోజకవర్గం ఒక్కటే ఉండేది. ముస్లింలకు ఓటరు జాబితా వేరు, సీటు వేరు. ఈ రోజు రాయలసీమ నుంచే ఎనిమిది మంది ఎంపీలు వెళ్తున్నారు. బళ్ళారి సీటు కర్ణాటకలో ఉంది. అప్పుడు ఇంత సీమకూ ఒకే ఒక్క మనిషి! 1934 ఎన్నికల్లో గెలిచి వెళ్లిన ఆ మనిషే అయ్యంగారు.

ఆయన 1891 ఫిబ్రవరి 4న తిరుపతి దగ్గర తిరుచానూరులో జన్మించారు. తిరుపతి దేవస్థానం హైస్కూల్లో, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చదివి, లా కాలేజీలో పట్టా పుచ్చుకున్నారు. మొదట కొంతకాలం లెక్కల మాస్టారుగా పనిచేసి, తర్వాత చిత్తూరులో వకీలుగా స్థిరపడ్డారు. సహాయ నిరాకరణ రోజుల్లో గాంధీజీ పిలుపు విని కోర్టు మానేశారు. నలభైయేళ్లు దాటాక ఢిల్లీ వెళ్లారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. 1934లో ఆయనకు ఓటు వేసిందెవరు? మన తాతముత్తాతలు మాత్రం కాదు. కొంత మొత్తానికి మించి భూమిశిస్తు కట్టేవాళ్లకూ, ఆదాయపు పన్ను కట్టేవాళ్లకూ, అలాంటి మరికొందరికి మాత్రమే ఓటు ఉండేది. బ్రిటిష్ ఇండియా మొత్తంమీద ఆ ఎన్నికల ఓటర్లు దాదాపు 14 లక్షలు. దేశ జనాభా అప్పటికే 35 కోట్లు. సెంటు భూమి లేని కూలివాడికి, ఊరి బయట ఉన్న మాలమాదిగ పేటలకు ఎన్నిక ఎప్పుడు జరిగిందో కూడా తెలిసి ఉండదు. మన తరఫున ఢిల్లీలో ఒకాయన మాట్లాడుతున్నాడు, మనం ఆయన్ను పంపలేదు. అదీ ఆనాటి ప్రజాప్రాతినిధ్యం.

ఆ సభకు ఉన్న అధికారం కూడా అంతంతమాత్రమే. సైనిక ఖర్చు మీద ఓటు వేసే హక్కు సభ్యులకు లేదు. సభ పన్నుల బిల్లును ఓడిస్తే వైస్రాయి తన సంతకంతో దాన్ని చట్టం చేసేవాడు. 1935లో భూలాభాయి దేశాయి నాయకత్వంలో కాంగ్రెస్ సభ్యులు ప్రభుత్వాన్ని ఎన్నోసార్లు ఓడించారు, ప్రభుత్వం మాత్రం పడిపోలేదు. మరి ఎందుకు వెళ్లినట్టు? ప్రశ్నలు అడగడానికి. అయ్యంగారు అందులో దిట్ట. లెక్కల మాస్టారు గదా, అంకెలు ముందు పెట్టుకుని దాడి చేసేవారు. 1914లో మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ ఓడ ఎండెన్ పేరే సభలో ఆయనకు పడింది.

1934లో ఎన్నికైన సభ యుద్ధం పేరుతో 1945 దాకా సాగింది. ఈలోగా వ్యక్తి సత్యాగ్రహంలో ఒకసారి, క్విట్ ఇండియాలో మరోసారి ఆయన జైలుకు వెళ్లారు. తర్వాత రాజ్యాంగ సభలో సభ్యులయ్యారు. గాంధీజీ హత్య జరిగిన రెండు నెలలకు, 1948 ఏప్రిల్ 3న, మతం, కులం ఆధారంగా సభ్యత్వం ఇచ్చే సంస్థలను రాజకీయాల్లోకి రానివ్వరాదన్న తీర్మానం ఆయనే ప్రవేశపెట్టగా సభ ఆమోదించింది. అది ఎంతవరకు అమలైందో పేపరు చదివే వాళ్లెవరికైనా తెలుసు. 1950లో ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే అంచనాల కమిటీ ఏర్పడితే దానికి మొదటి ఛైర్మన్ కూడా ఆయనే.

1952లో లెక్క మారిపోయింది. 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు. ఓటర్లు 17 కోట్ల పైచిలుకు. ఆ ఎన్నికల్లో అయ్యంగారు తిరుపతి నుంచి గెలిచి, డిప్యూటీ స్పీకర్ అయ్యారు. 1956 ఫిబ్రవరిలో మావలంకర్ కన్నుమూయగా, మార్చి 8న స్పీకర్‌గా ఎన్నికయ్యారు. 1957లో చిత్తూరు నుంచి గెలిచారు. అది ద్విసభ్య నియోజకవర్గం. ఒక సీటు షెడ్యూల్డు కులాలకు రిజర్వు. అక్కడి నుంచి ఆయనతోపాటు ఎం.వి.గంగాధర శివ గెలిచారు. తిరుచానూరు అయ్యంగారూ, దళిత సభ్యుడూ ఒకే ఓటర్ల ఓట్లతో, ఒకే నియోజకవర్గం పేరు మీద లోక్‌సభకు వెళ్లారు. 1934లో ఇది ఊహకు అందని సంగతి.

స్పీకర్‌గా ఆయన కాలంలో గట్టి పరీక్షలే వచ్చాయి. 1957 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ, అధికార పక్షం వాడై ఉండీ, ముంద్రా కంపెనీల్లో ఎల్‌ఐసీ పెట్టిన 1.24 కోట్ల రూపాయల సంగతి లేవనెత్తారు. అయ్యంగారు అధ్యక్షతన ఉన్న సభలోనే ఆ చర్చ సాగి, విచారణ జరిగి, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది. 1961లో ఆచార్య కృపలానీ మీద రాసిన రాతకు బ్లిట్జ్ సంపాదకుడు కరంజియాను సభ ముందు నిలబెట్టి మందలించింది కూడా ఈయనే. పత్రికల స్వేచ్ఛ దృష్ట్యా అది అంత మెచ్చుకోదగ్గ పనిగా నాకైతే తోచదు.

మన చెల్లెళ్లు గుర్తుపెట్టుకోవలసింది మాత్రం 1961 మే నెల. వరకట్న నిషేధ బిల్లు మీద లోక్‌సభకు, రాజ్యసభకు పొత్తు కుదరలేదు. దేశ చరిత్రలో మొదటిసారి ఉభయసభలూ సెంట్రల్ హాల్లో కలిసి కూర్చున్నాయి. ఆ ఉమ్మడి సమావేశానికి అయ్యంగారే అధ్యక్షత వహించారు. మే 9న బిల్లు గట్టెక్కింది. మన పల్లెల్లో కట్నం ఆగిందా అంటే లేదు. కానీ పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వడానికి ఒక చట్టమంటూ ఉంది, అది ఆ రోజు పుట్టింది.

1962లో మళ్లీ చిత్తూరు నుంచి గెలిచినా, మే నెలలో బీహారు గవర్నర్‌గా వెళ్లి 1967 డిసెంబరు దాకా ఉన్నారు. తర్వాత తిరుపతి చేరి అక్కడి సంస్కృత విద్యాపీఠం బాధ్యతలు చూశారు. 1978 మార్చి 19న కన్నుమూశారు. ఆయన 1935లో ప్రశ్నలు వేసిందీ, 1956లో స్పీకర్‌గా కూర్చుందీ ఆ గుండ్రటి భవనంలోనే. 2023లో పార్లమెంటు కొత్త భవనంలోకి మారాక దానికి సంవిధాన్ సదన్ అని పేరు పెట్టారు. ఢిల్లీ ఎక్స్‌కర్షన్‌కు వెళ్లే బ్యాచ్ ఎవరైనా ఉంటే బయటి నుంచైనా ఒకసారి చూసి రండి.