వరద వేళ తరగతి గది దాటిన ఆచార్యుడు

విపత్తు సంభవించినప్పుడు దాతలు ముందుకు వస్తారు. కానీ తామిచ్చిన రూపాయి బాధితునికి చేరుతుందా అన్న సందేహం వారిని వెంటాడుతూనే ఉంటుంది. బెంగాల్‌లో ఆ సందేహానికి తావులేకుండా చేసిన మహనీయుడు రసాయనశాస్త్ర ఆచార్యుడు ప్రఫుల్ల చంద్ర రే.

నేటి బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతంలో, రారులి గ్రామంలో 1861 ఆగస్టు 2న ఆయన జన్మించారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకునిగా చేరారు. బెంగాల్ కెమికల్స్ సంస్థను నెలకొల్పారు. 1916లో విశ్వవిద్యాలయ సైన్స్ కళాశాలకు మారారు. అవివాహితుడైన ఆయన ఆ కళాశాలలోనే ఒక గదిలో నివసించారు. అరవై ఏళ్లు నిండిన నాటి నుంచి తన జీతాన్ని విశ్వవిద్యాలయానికే సమర్పించారు.

1921లో ఖుల్నాలో కరవు తాండవించగా, అధికారులు దానిని గుర్తించడానికి వెనుకాడారు. రే స్వయంగా విరాళాలకు పిలుపునిచ్చి అన్నార్తులను ఆదుకున్నారు. మరుసటి ఏడాది ఉత్తర బెంగాల్‌ను భారీ వరదలు ముంచెత్తాయి. ఆయన నాయకత్వంలో ఏర్పడిన బెంగాల్ సహాయ సంఘానికి సైన్స్ కళాశాలే కేంద్రమైంది. ప్రయోగాలు సాగిన భవనంలో విరాళాల లెక్కలు, బియ్యం, వస్త్రాల పంపిణీ ఏర్పాట్లు సాగాయి. విద్యార్థులు స్వచ్ఛంద సేవకులయ్యారు. యువకుడైన సుభాష్ చంద్రబోస్ వరద ప్రాంతానికి వెళ్లి సహాయక చర్యలను నడిపించారు. నగదు, వస్తు రూపేణా దాదాపు 25 లక్షల రూపాయల విరాళాలు అందాయి. నిరాడంబర జీవితం గడిపే ఆచార్యునిపై ప్రజలకున్న విశ్వాసమే ఇందుకు మూలం.

ఆనాటి ఆపదను తీర్చడంతోనే రే తృప్తి చెందలేదు. కారణాన్ని అన్వేషించారు. చాలినన్ని తూములు లేని రైలు కట్టలు నీటి పారుదలకు అడ్డుపడి ముంపును పెంచాయని వాదించారు. ఏటా కొన్ని నెలలు పనిలేక ఉండే రైతుకు రాట్నమే కరవు నుంచి రక్షణ అని విశ్వసించి, వరద ప్రాంతాల్లో నూలు వడకడాన్ని ప్రోత్సహించారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ఖాదీ ప్రదర్శనను ప్రారంభించి, ఆంధ్ర ప్రజలకూ ఆ సందేశాన్ని అందించారు.

1943లో బెంగాల్‌ను మరో ఘోర కరవు కబళించింది. అప్పటికి ఆయన ఎనభై దాటిన వృద్ధుడు. 1944 జూన్ 16న కలకత్తాలో తుదిశ్వాస విడిచారు. ఆపద వచ్చాక ఆదుకోవడం ఎంత ముఖ్యమో, మరోసారి రాకుండా ఆలోచించడమూ అంతే ముఖ్యమని ఆయన జీవితం చాటుతోంది.