తరిగొండ వెంగమాంబ: పదియవనాటి కర్మకు లోబడని సాధ్వి చరిత్రము

మన పుంగనూరు సీమయందును, దానికి పొరుగున నున్న మదనపల్లె, వాయల్పాటి ప్రాంతములందును తరిగొండ వెంగమాంబ పేరు విననివా రరుదు. ఆమె భక్తురా లని యెల్లరు నెఱుగుదురు. కవయిత్రి యని చదువుకొన్నవా రెఱుగుదురు. మృతులైన బంధువుల పేర మన యిండ్లలో జరుగు కర్మలలో మిక్కిలి కఠినమైన విధి నొకదానిని ఆమె తన శరీరముపై జరుగనీయక నిలిచె నను సంగతిని మాత్రము మనవా రొక మహిమకథగా చెప్పుకొని, చేతులు జోడించి, అంతటితో విడిచిపెట్టుచున్నారు. ఆ సంగతిని కొంచెము నిలిచి విచారింపదగునని తోచి యీ చరిత్రమును వ్రాయుచున్నాము.

తరిగొండ వాయల్పాటికి చేరువనున్న పల్లె. లక్ష్మీనృసింహస్వామి యాలయముచే ఆ యూరికి ప్రసిద్ధి కలిగినది. అచ్చట నందవరీక బ్రాహ్మణుడగు కృష్ణయ్యకును మంగమాంబకును 1730వ సంవత్సర ప్రాంతమున వెంగమాంబ జన్మించెను. పసితనమునుండియు ఆమెకు ఆటపాటలకంటె దేవుని గుడియే ప్రియముగా నుండె నందురు. ఆనాటి యాచారమునుబట్టి తల్లిదండ్రులు బాల్యముననే వివాహము చేసిరి. వరుని పేరు వేంకటాచలపతి. వివాహమైన కొలదికాలమునకే యాతడు మరణించెను. భార్య యన నేమో భర్త యన నేమో తెలియని యా పిల్ల నాటితో శాస్త్రరీత్యా విధవ యయ్యెను.

ఇచ్చట కర్మకాండనుగూర్చి కొంత చెప్పవలసియున్నది. దహనము మొదలు పది దినములు ప్రేతమునకు పిండోదకములు సమర్పింతురు. ఒక్కొక్క దినపు పిండముచే ప్రేతమునకు ఒక్కొక్క యవయవ మేర్పడు నని గరుడపురాణము చెప్పును. పదియవనాడు జ్ఞాతులెల్ల కూడి ధర్మోదకములు విడుతురు. కాకి వచ్చి పిండము ముట్టెనా లేదా యని కనిపెట్టుకొని యుందురు. పదునొకండవనాడు ఏకోద్దిష్టము, పండ్రెండవనాడు సపిండీకరణము. అటుపై మాసికములు, ఏటేట ఆబ్దికము, భాద్రపద కృష్ణపక్షమున మహాలయము. తండ్రిని, తాతను, ముత్తాతను తలచుకొని నలుగురికి అన్నము పెట్టుటనుగూర్చి మే మిచ్చట వాదింపము. చనిపోయినవారిని స్మరించుట మానవునకు సహజము. మాకు పేచీ యున్నది పదియవనాటితోనే. ఆ దినము విధవకు పసుపు పూసి, బొట్టు పెట్టి, పూలు ముడిచి, చేతినిండ గాజులు తొడిగి, పెండ్లికూతునివలె కూర్చుండబెట్టి, ఆవెనుక ఆ యలంకారము నంతయు ఊడదీయుదురు. గాజులు పగులగొట్టుదురు, తాళిని తీసివేయుదురు. బ్రాహ్మణకుటుంబములలో మంగలిని పిలిపించి తల గొఱిగించుటయు నొకప్పు డిందులో చేరియుండెను. పసిపిల్ల యైనచో ఈడు వచ్చువఱకు ఆ శిరోముండనమును వాయిదా వేయుట కలదు, తప్పించుట లేదు. వాయిదా యన్న మాటను దినదినమును న్యాయస్థానములలో వినుచుండు మాకును ఈ వాయిదా భయంకరముగానే తోచును.

ఇంతకును ఆ జుట్టు చేసిన యపరాధ మేమి? విధవ కొప్పు ముడిచినచో ఆ ముడి పరలోకమున భర్తకు బంధనమగు నని స్కాందపురాణములోని కాశీఖండమున చెప్పబడినది. అనగా ఆమె తల గొఱుగుటయు చనిపోయినవానికి సమర్పించు నివేదనలలో నొకటి. నువ్వులు, నీళ్లు, అన్నపుముద్ద, వానితోపాటు బ్రతికియున్న పిల్ల తలవెండ్రుకలు. అట్లు చేయనిచో ఆమె వండిన యన్నము పితృదేవతల కక్కఱకు రాదనియు, ఆమె తెచ్చిన నీరు మడికి పనికిరాదనియు పెద్దలు చెప్పుచువచ్చిరి. విధవను పుష్పమూలఫలములతో దేహము కృశింపజేసికొను మని శాసించిన కఠినుడు మనువు. అతడైనను శిరోముండనమును విధింపలేదు. యాజ్ఞవల్క్యుడును విధింపలేదు. ఋగ్వేదము పదియవ మండలమున అంత్యేష్టికి సంబంధించిన సూక్తములో, మృతుని చెంత పరుండిన భార్యను లెమ్మని, జీవలోకమునకు మరలి రమ్మని పిలుచు మంత్రమున్నది. మంత్రము లెమ్మనగా మనవారు వంచిన తల యెత్తవలదనిరి.

వెంగమాంబ బొట్టు చెఱుపుకొనలేదు, గాజులు తీయలేదు, కేశములు విడువలేదు. తనకు భర్త తిరుమల వేంకటేశ్వరుడే యనియు, ఆతనికి చావు లేదు గావున తనకు వైధవ్యము లేదనియు ఆమె పట్టుదల. ఈ సమాధానమును భక్తిమాటగా వినువారు విందురు గాక. న్యాయవాదవృత్తియందున్న మాకు ఇందు వేఱొక బలము కన్పట్టుచున్నది. ఆమె శాస్త్రమును ఖండింపలేదు. విధవ తల గొఱిగించుకొనవలె నను విధిని అట్లే యుండనిచ్చి, తాను విధవను కానని చెప్పినది. ప్రతివాది వేయగల జవాబులలో ఇంతకంటె క్లుప్తమైనది మే మెఱుగము. అయితే ఈ జవాబు ఆమె నొక్కతెనే రక్షించినది. దేవుడే భర్త యని చెప్పుకొనుటకు సాహసము లేని పొరుగింటి పిల్ల యథాప్రకారము మంగలికత్తికి తల యొగ్గవలసినదే.

ఊరివారు గొణగుచుండగా తండ్రి ఆమెను మదనపల్లెలోని సుబ్రహ్మణ్యదేశికులను గురువునకు శిష్యురాలిని చేసెను. విధవకు చదువేల యను కాలమున ఆ గురువు వేదాంతమును, యోగమార్గమును ఆమెకు బోధించెను. కపిలుడు తన తల్లియగు దేవహూతికి చేసిన బోధను ఆమె తరువాత రాజయోగామృతసార మను ద్విపదగా రచించినది. ఉపదేశము పొందునది స్త్రీ యగుటచేతనే ఆ ఘట్టమును వరించెనేమో. ఇదే మదనపల్లెకు 1919లో రవీంద్రనాథ ఠాకూరు వచ్చి కొన్నాళ్లు నిలిచెను. ఆయన తండ్రి దేవేంద్రనాథ మహర్షి, 1846లో ద్వారకానాథుడు లండనులో మరణించినపుడు, విగ్రహపూజతో కూడిన పితృశ్రాద్ధమును చేయనని చెప్పి బంధువుల యాగ్రహమునకు పాత్రుడైన సంగతి మన చదువరు లెఱిగినదే. మహర్షికి తోడుగా తత్త్వబోధినీసభ యుండెను. ఇంచుమించు ఒక శతాబ్దము ముందు ఈ తరిగొండ పిల్లకు తండ్రియు గురువును తప్ప వేఱు సభ లేదు.

పుష్పగిరి పీఠాధిపతి ఆ ప్రాంతమునకు వచ్చినపుడు గ్రామస్థు లామెపై ఫిర్యాదు చేసిరట. స్వామి పిలిపింపగా ఆమె వచ్చి నమస్కరింపక నిలిచెనట. కారణ మడుగగా, పీఠము దిగుడని చెప్పి, శూన్యపీఠమునకు నమస్కరించెననియు, అది భగ్గున మండె ననియు చెప్పుదురు. బలవంతముగా తల గొఱిగించిరనియు, ఆమె నీట మునిగి లేచునప్పటికి వెండ్రుకలు మఱల వచ్చెననియు వేఱొక కథ. పీఠము మండెనా, వెండ్రుకలు మొలిచెనా యని వాదించుట మా పని కాదు. ఈ కథలవలన తెలియు సంగతి యొకటి కలదు. ఒక స్త్రీ తన తలవెండ్రుకలను తాను ఉంచుకొనుటకు మన సంఘము అద్భుతమును కోరినది. అద్భుతము జరిగినదని నమ్మిన పిదపనే ఆమెను విడిచినది. అద్భుతము చూపలేని పిల్లల చరిత్రము నెవరును వ్రాయలేదు. వారు ముసుగు లాగుకొని వంటింటి వెనుక గదులలో ముదుసలులై, శుభకార్యముల వేళ ఎదురుపడకుండ తప్పుకొనుచు బ్రతికిరి.

శిరోముండనము మన సీమలో దాదాపు అంతరించినది. గాజులు పగులగొట్టుట అంతరింపలేదు. చదువుకొన్న కుమారుడు, ఉద్యోగములు చేయు కుమార్తెలు చుట్టు నిలిచియుండగా పదియవనాడు తల్లి బొట్టు తుడిపించుట మేము మా పుంగనూరిలోనే పలుమాఱులు చూచితిమి. ఎందులకని యడిగినచో, తండ్రిగారికి లోపము జరుగకూడదు గదా యని యుత్తరము. మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లా హేర్వాడు గ్రామపంచాయతి 2022 మే నెలలో ఈ తంతుల నన్నింటిని మానవలెనని తీర్మానించెను. ఆ రాష్ట్రప్రభుత్వము తక్కిన గ్రామములును అట్లు చేయవలసినదని ఉత్తరువు పంపెను. ఆ తీర్మానమును వ్రాయుటకు ఒక పుట కాగితము చాలును. మన సీమలోని గ్రామసభలకు అడ్డమేమి?

తరిగొండ గుడిలో ఆంజనేయవిగ్రహము వెనుక ధ్యానము చేయుచున్న వెంగమాంబను పూజారి బయటి కీడ్చె ననియు, అంతట ఆమె యూరు విడిచి తిరుమల చేరె ననియు ఐతిహ్యము. అచ్చటను పొరుగింటివారు ఎంగిలి విస్తళ్లను ఆమె యావరణలో పడవేయించి బాధించిరట. కొంతకాలము తుంబురుకోనలో ఏకాంతమున తపస్సు చేసి మరల కొండకు వచ్చెను. వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము, వాసిష్ఠరామాయణము, మఱి కొన్ని యక్షగానములు ఆమె రచనలు. వీనికంటె మాకు ముఖ్యముగా తోచునది వేఱు. ఆమె దాతలకడ విరాళములు కూర్చి, నృసింహజయంతి దినములలో ఎండకు డస్సి కొండ యెక్కి వచ్చు యాత్రికులకు అన్నమును, చల్లని నీటిని ఏర్పఱచెను. ఆమెనుండి పితృపిండమును కోరిన లోకమునకు ఆమె యిచ్చినది ఆకలిగొన్న మనుష్యుల కన్నము.

పుత్రుడు లేనివారికి గతి లేదనియు, పిండము పెట్టువాడే వారసుడనియు మనవా రనుచుందురు. సాధ్వియైన విధవ పుత్రుడు లేకున్నను బ్రహ్మచారులవలె స్వర్గము పొందునని మనువే చెప్పెను. దక్షిణదేశమునకు ప్రమాణమైన మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు సపిండశబ్దమునకు అన్నపుముద్దతో సంబంధము చెప్పక, ఏకదేహాంశము కలవారని యర్థము చెప్పెను. వారసత్వమును పిండదానముతో ముడిపెట్టినది వంగదేశపు దాయభాగము. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము వచ్చిన పిదప ఆ ముడి అచ్చటను విడిపోయినది. కావున పిండము లేనిదే ఆస్తి లేదని భయపెట్టువారికి మన సీమలో శాస్త్రాధారమును లేదు, చట్టాధారమును లేదు.

వెంగమాంబ 1817లో తిరుమలయందే దేహము చాలించెను. కడుపున పుట్టిన బిడ్డలు లేరు. ఏటేట శ్రావణ శుద్ధ నవమినాడు కొండమీది ఆమె బృందావనమున వర్ధంతి జరుపుదురు. రాత్రి యేకాంతసేవలో స్వామికి ఆమె పేర ముత్యాలహారతి యిత్తురు. 2011లో దేవస్థానమువారు తిరుమలలో కట్టించిన పెద్ద యన్నప్రసాదశాలకు ఆమె పేరే పెట్టిరి. అందు సుమంగళులును విధవలును ఒకే పంక్తిని కూర్చుండి భుజించుచున్నారు.