మూడు రూపాయల పంతులు

జాషువా గారి మొదటి ఉద్యోగానికి జీతం నెలకు మూడు రూపాయలు. మిషన్ బడిలో పంతులు పని. గుర్రం జాషువా అనగానే మనం గబ్బిలం, పిరదౌసి, గండపెండేరం, పద్మభూషణ్ అని చెప్పుకుంటూ పోతాం. చెప్పుకోవలసినవే. కాని ఈ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు నాకు ఎందుకో ఆ మూడు రూపాయలే జ్ఞాపకం వచ్చాయి. నేడో రేపో సర్టిఫికెట్లు చంకన పెట్టుకొని ఉద్యోగాల కోసం తిరగబోయే పిల్లలకు ఆయన బిరుదుల కంటె ఆయన నౌకరీల కథే దగ్గరగా ఉంటుందనుకుంటాను.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. నేనూ క్రైస్తవుల ఇంట్లో పెరిగినవాణ్ణే. మాది కోరుట్ల. అవ్వ బీడీలు చుట్టేది. బాపు ఆరు రోజులు కూలిపని చేసి, ఏడోనాడు ధోవతి మీద తెల్లకోటు తొడుక్కొని వాడలో ప్రార్థన నడిపేవాడు. ఇంట్లో ఉన్నవి రెండే పుస్తకాలు, బైబిలూ, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలూ. హైస్కూల్లో ఉండగా ఒక రాత్రి సత్యహరిశ్చంద్ర నాటకం చూడడానికి ఇంట్లో చెప్పకుండా పోయాను. కాటిసీను వచ్చేసరికి హరిశ్చంద్రుడు శ్మశానాన్ని చూస్తూ రాగం తీసి పద్యాలు అందుకున్నాడు. జనం మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. తెల్లవారి బాపు చేతిలో నాకు బాగానే పడ్డాయి. విగ్రహాల కథలు మనకెందుకన్నది ఆయన బాధ. ఆ కాటిపద్యాలు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోవి కావనీ, నటులు తెచ్చి కలుపుకొన్నవనీ, వాటిని రాసినాయన పేరు బైబిల్లోని పేరేననీ ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. 1971 జూలై 24న జాషువా గారు పోయిన తరువాత మా తెలుగు సారు తరగతిలో చెబితే తెలిసింది. యెరికో గోడలు కూలిన కథలోని యెహోషువ పేరే జాషువా.

ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవ కులస్తుడు, తల్లి లింగమ్మ మాదిగ. ఆ కాలంలో అలాంటి పెళ్ళి చేసుకున్నవాళ్ళకు ఊళ్ళో చోటెక్కడిది? క్రైస్తవం ఆ ఇంటికి ఒక చోటు చూపించింది. ఆ ప్రాంతంలో మిషన్ల సంగతి కొంచెం తెలిస్తే ఇది అర్థమవుతుంది. గుంటూరుకు 1842లోనే లూథరన్ మిషనరీ హేయర్ గారు వచ్చారు. వినుకొండ వైపు అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. 1876-78 నాటి పెద్ద కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చినవాళ్ళకు కూలి ఇప్పించాడు. ఆ వెంటనే 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా వైపు ఈ పని వెస్లియన్ మిషన్ వారిది. 1924లో ప్రతిష్ఠ చేసిన మెదక్ పెద్ద గుడి కూడా కరువు కాలంలో కూలీలకు పనిపెట్టి కట్టించిందే. అన్నం కోసం మతం పుచ్చుకున్నారని వెక్కిరించేవాళ్ళను నేను చాలామందిని చూశాను. అన్నంతో పాటు పలకాబలపం కూడా వచ్చాయి. నేను తిన్న జీతం ఆ పలక పెట్టిన భిక్షే గనుక ఆ వెక్కిరింతలో నేను కలవలేను.

వినుకొండ బళ్ళో జాషువా గారికి పాఠాల కంటె ముందు కులం తెలిసింది. పంతుళ్ళూ హేళన చేసేవారు, తోటిపిల్లలూ హేళన చేసేవారు. ఆయన పడి ఊరుకొనే రకం కాదు, తిరగబడేవాడు. బొమ్మలు గీసేవాడు, పాటలు పాడేవాడు. చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సాంగత్యంలో పద్యం మీదికి మనసు పోయింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. ఊరందరినీ ఒక్క గాటకట్టి తిట్టడం సులభం. ఆ ఊళ్ళోనే ఒక బ్రాహ్మణ పండితుడు ఈ పిల్లవాడికి కాళిదాసును చెప్పాడని కూడా గుర్తుంచుకోవాలి. అదే ఊళ్ళో ఒక అవధాన సభలో ఈయన లేచి పద్యాలు చదివితే, ఇతణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు గొడవచేసి అవమానించారు.

1910లో మేరీ గారితో పెళ్ళయింది. అప్పటికి ఆయనకు పదిహేనేళ్ళు. సంసారం, మూడు రూపాయల జీతం. ఆ ఉద్యోగం కూడా నిలవలేదు. అది పోయాక పొట్ట చేతపట్టుకొని రాజమండ్రి చేరాడు. 1915-16లో అక్కడ ఆయన చేసిన పని ఈనాటి పిల్లలు ఊహించలేరు, సినిమా వాచకుడు! బొమ్మ కదులుతుంది గాని మాట్లాడదు. చీకట్లో తెర పక్కన నిలబడి, కదిలే బొమ్మలకు తగినట్టు కథా సంభాషణలూ వినిపించేవాడు ఒకడు కావాలి. ఫాల్కే గారి రాజా హరిశ్చంద్ర వచ్చి రెండు మూడేళ్ళే అయిన రోజులవి. పద్యం చదవవద్దని సభలో నుంచి వెళ్ళగొట్టిన మనిషిని టిక్కెట్టు కొనుక్కొని వచ్చిన జనం నోరు మూసుకొని విన్నారు. చీకట్లో గొంతుకు కులమేమిటని ఎవరు అడుగుతారు? ఆయన పద్యాల్లో ఉండే దృశ్యం కట్టే నేర్పు, గట్టిగా చదివితేగాని సగం రుచి తెలియని ఆ నడక, కొంతైనా ఆ తెర పక్కన కుదిరి ఉంటాయని నా ఊహ. ఊహే సుమా, రుజువు అడగకండి.

ఆ తరువాత గుంటూరులో లూథరన్ చర్చి వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళ నౌకరీ. ఇక్కడే నాకు అసలు కథ కనిపిస్తుంది. ఆ పదేళ్ళ ప్రాంతంలో ఆయన రాసినవి చూడండి. 1919లో రుక్మిణీ కల్యాణం. 1922లో కుశలవోపాఖ్యానం. 1925లో ధ్రువ విజయం. జీతం చర్చిది, కలంలో కదిలేది కృష్ణుడూ, కుశలవులూ, ధ్రువుడూ. తెలుగు పద్యం నేర్చినవాడికి ఆ కథలు కాక మరేవి దొరుకుతాయి? భాషే ఆ కథల్లో ఉంది. కాని క్రైస్తవుడై ఉండి హిందూ పురాణాలు రాస్తాడేమిటని మతపెద్దలు నిరసించారు. ఈ కులంవాడు మన పురాణాలు ముట్టుకోవడమేమిటని అవతలివాళ్ళు నిరసించారు. చివరకు క్రైస్తవ సమాజం ఆయన కుటుంబాన్ని వెలివేసింది. వెలి అనే మాట ఎవరు కనిపెట్టారో గాని, దానికి మతభేదం లేదు.

ఈ భాగం చదివినప్పుడల్లా నాకు బాపు దెబ్బలు గుర్తొస్తాయి. బాపు మీద కోపం లేదు. ఆయనకు ఉన్నది ఒక్కటే గోడ, దానికి ఆనుకొని బతికాడు. నేను హరిశ్చంద్ర పద్యాలు పాడితే ఆ గోడకు బీట వస్తుందేమోనని భయం.

పేరు సంగతి ఒకటి చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైనవాడు షెడ్యూల్డు కులాల లెక్కలోకి రాడు. మన దగ్గర అటువంటివారిని బి.సి.ల్లో సి గ్రూపు కింద పెట్టారు. అందుకని మా వాడలో ఎందరికో బడి రిజిస్టరులో ఒక పేరు, ప్రార్థనలో ఇంకొక పేరు. నాకూ అంతే. జగిత్యాలలో డిగ్రీ ముగించి మొదటి దరఖాస్తు నింపేటప్పుడు మతం అని ఉన్న గడి దగ్గర కలం పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. ఏం రాశానో ఇక్కడ చెప్పను. జాషువా గారు మాత్రం వెలిపడ్డాక కూడా, క్రమంగా నాస్తికత్వం వైపు జరిగాక కూడా, ఆ బైబిలు పేరును వదులుకోలేదు.

ఉద్యోగాలు చేస్తూనే చదివి ఆయన ఉభయ భాషా ప్రవీణ అయ్యారు. 1928 నుంచి 1942 దాకా గుంటూరులో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. చర్చి జీతం మీద ఆధారపడవలసిన అవసరం తీరింది. పిరదౌసి 1932లో వచ్చింది. గజనీ సుల్తాను పద్యానికో బంగారు నాణెం ఇస్తానని మాటిచ్చి, ఏళ్ళ తరబడి రాయించుకొని, చివరకు వెండి నాణేలు పంపిన కథ. దీన్ని రాజు అన్యాయం కథగా అందరూ చెబుతారు. నాకది కూలి ఎగ్గొట్టిన కథ. మూడు రూపాయల పంతులు రాసిన కావ్యంలాగే కనిపిస్తుంది.

సిరిసిల్లలో నా మొదటి ఉద్యోగం ఒక ప్రయివేటు బడిలో. జీతం మూడు నెలలకోసారి, అదీ అడిగితే. నా దగ్గర చదివేవాళ్ళలో సగం మంది నేతపని ఇళ్ళ పిల్లలు. జాషువా గారి సాలీడు చెప్పబోతే మరమగ్గాల చప్పుడు కిటికీలోంచి వచ్చి నా గొంతును మింగేసేది. అయినా ఆ పద్యం వాళ్ళకు విప్పి చెప్పే పని పడలేదు. ఇంత చిన్న పురుగుకు మగ్గమూ కండెలూ లేకుండా ఇంత నేత ఎలా వచ్చిందన్న ఆశ్చర్యం నాకంటె వాళ్ళకే బాగా తెలుసు. చేత్తో నేసినవాడి పనిని ఆయన ఎంత దగ్గరగా చూశాడో ఆ పిల్లలే నాకు చెప్పారు.

గబ్బిలం చెప్పినరోజు మాత్రం చిక్కుపడ్డాను. 1941లో వచ్చిన కావ్యం. అరుంధతీ సుతుడు, అంటే మాదిగ బిడ్డ, గుడిలోకి అడుగుపెట్టే వీలులేక తన బాధను కాశీలో ఉన్న శివుడికి చెప్పమని ఒక గబ్బిలాన్ని పంపుతాడు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు భార్య దగ్గరికి. ఈయనకు దొరికింది అందరూ అశుభమని తోలేసే పక్షి. మనిషిని రానివ్వని గర్భగుడిలో అది తలకిందులుగా వేలాడుతుంది, దేవుడి చెవికి అందేంత దగ్గరలో. హనుమచ్ఛాస్త్రి గారు చెప్పిన మేఘసందేశం ఎన్నేళ్ళకు ఎలా బయటికి వచ్చిందో చూడండి! పాఠం అయ్యాక వెనక బెంచీ అమ్మాయి లేచి, సార్, ఆయన క్రిస్టియన్ కదా, యేసుకు చెప్పుకోక శివుడికెందుకు చెప్పుకున్నాడని అడిగింది. కావ్యంలోని మనిషి వేరు, కవి వేరు అని సర్దిచెప్పాను. అది పుస్తకం జవాబు. తరువాత చాలా రోజులు ఆలోచించాను. మూసిన తలుపు ఎవరిదో వాళ్ళకే కదా ఫిర్యాదు చేయాలి. ఇప్పుడైతే ఆ అమ్మాయికి ఈ జవాబు చెబుతాను.

తరువాతి జీవితం మీకందరికీ తెలిసిందే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధ ప్రచారకుడిగా పనిచేశారు, 1957-59లో మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాత. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారంతటి పెద్దాయన తన చేతులతో ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో శాసన మండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్. కూతురు హేమలత గోరా గారి కొడుకు లవణం గారిని పెళ్ళాడి, స్టూవర్టుపురంలోనూ, నిజామాబాదు వైపు జోగినుల మధ్యనూ ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆమె 2008లో పోయారు. ఆ ఇంటి కథ వేరే రాయాలి.

నన్ను ఆపేది 1958 నాటి పుస్తకం ఒకటి. క్రీస్తు చరిత్ర. గుడి వెలివేసిన మనిషి, పూజా పునస్కారాల మీద నమ్మకం పోయిన మనిషి, అరవై ఏళ్ళు దాటాక క్రీస్తు కథను పద్యాల్లో రాశాడు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి దానికే వచ్చింది, గబ్బిలానికి కాదు. ఆయన విడిచిపెట్టింది చర్చిని. చిన్నప్పుడు తల్లి ఒడిలో విన్న ఆ బీదవాళ్ళ మనిషిని ఎక్కడా విడిచిపెట్టినట్టు నాకు కనిపించదు. వెలివేసినవాళ్ళ మీద పగ తీర్చుకోవడానికి చేతిలో అంత పద్యం ఉండి కూడా ఆయన ఆ పని చేయలేదు.

సిరిసిల్ల నుంచి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్ళాను. బాపుకు అప్పటికి చూపు తగ్గింది. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చోబెట్టి చదివి వినిపించాను. పద్యం కష్టమైనచోట ఆపి అర్థం చెప్పబోతే వద్దన్నాడు, కథ తనకు తెలుసునట. కొన్ని పద్యాలయ్యాక ఈయన ఏ గుడికి పోయేవాడని అడిగాడు. ఏ గుడికీ పోయేవాడు కాదన్నాను. కాటిపద్యాలు కూడా ఈయనవేనని, ఆనాడు నేను తిన్న దెబ్బలు వీటికేనని కూడా చెప్పేశాను. బాపు కాసేపు బీడీ వెలిగించకుండా చేతిలో పట్టుకొని కూర్చున్నాడు. దీపం వత్తి ఎక్కించి తరువాతి పద్యం చదవమన్నాడు.