రేనాల్డ్ బి. జాన్సన్

రేనాల్డ్ బి. జాన్సన్ (జూలై 16, 1906 - సెప్టెంబరు 15, 1998) అమెరికాకు చెందిన ఆవిష్కర్త. హార్డ్ డిస్క్ పితామహునిగా ప్రసిద్ధుడు.

ఈయన మిన్నెసోటా రాష్ట్రంలో జన్మించాడు. 1929లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడై, మిచిగాన్‌లో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునిగా పనిచేశాడు. పెన్సిలు గుర్తుల గుండా విద్యుత్తు ప్రవహిస్తుందన్న సూత్రంతో జవాబు పత్రాలను దిద్దే యంత్రాన్ని రూపొందించాడు. ఐబీఎం సంస్థ దాని హక్కులను కొని, 1934లో ఈయనను ఉద్యోగంలో చేర్చుకున్నది.

1952లో శాన్ హోసేలో కొత్త ప్రయోగశాలను నెలకొల్పే బాధ్యత ఈయనకు అప్పగించారు. అక్కడ ఈయన బృందం నిర్మించిన రామాక్ డిస్కు నిల్వ యంత్రం 1956లో వెలువడింది. అందులో 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళేలు నిమిషానికి 1200 సార్లు తిరిగేవి. 50 లక్షల అక్షరాలు నిల్వ ఉండేవి. చదివే హెడ్ పళ్ళేన్ని రాసుకుంటే పూత చెడి సమాచారం నశిస్తుంది. అందువలన ఒత్తిడితో పంపిన గాలి పొర సాయంతో రెండింటినీ ఎడంగా ఉంచారు.

తరువాతి డిస్కులకు కూడా ఈ ప్రమాదం పూర్తిగా తొలగలేదు. వైఫల్యాన్ని ముందుగా సూచించే ఏర్పాటును ఐబీఎం 1992లో ప్రవేశపెట్టింది. ఆ దశకంలోనే ఇటువంటి ఏర్పాట్లు స్మార్ట్ అనే ప్రమాణంగా స్థిరపడ్డాయి. ఇంటి సర్వర్లలో చెడిన సెక్టార్ల సంఖ్యను, ఉష్ణోగ్రతను గమనించడానికి ఇదే ఆధారం. అయితే కొన్ని డిస్కులు ఏ సూచనా లేకుండానే ఆగిపోతాయి కనుక వేరొక ప్రతి ఉంచుకోవడం తప్పనిసరి.

జాన్సన్ 1971లో పదవీ విరమణ చేశాడు. 1986లో అమెరికా జాతీయ సాంకేతిక పతకాన్ని అందుకున్నాడు. పాలో ఆల్టోలో మరణించాడు.